వెనక గదికి బదిలీ

“కారే చుక్కకి గదిచ్చారు. కిర్రుమనే ఫ్యానుకి గదిచ్చారు. కదిలే టైలుకి కూడా గదిచ్చారు. కట్టుకున్నదానికి మాత్రం పొయ్యికీ ఫ్రిజ్‌కీ మధ్య మూరెడు చోటు!”

“మెల్లగా మాట్లాడవే. వింటాయి.”

“ఎవరు వింటారు?”

“ఇంకెవరు, అవే. గోడకి అవతలే ఉన్నాయి. చిన్నబుచ్చుకుంటాయి.”

గేటు బయట నిలబడ్డ మేస్త్రీ బెల్లు మీద పెట్టబోయిన వేలు వెనక్కి తీసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా జనం ఇళ్ళు బాగుచేస్తున్న మనిషి. పోట్లాట మధ్యలో లోపలికి అడుగుపెట్టిన పనివాడు ఎవరో ఒకరి పక్షమైపోతాడనీ, రెండో మనిషి పని పూర్తయ్యేదాకా మంచినీళ్ళు కూడా ఇవ్వరనీ అతనికి అనుభవం మీద తెలుసు. అందుకని సంచి భుజం మార్చుకుని, ప్రహరీగోడను పరీక్షిస్తున్నట్టు మొహం పెట్టి, చెవులు మాత్రం లోపలే ఉంచాడు.

“శుక్రవారం పొద్దున్నే క్లినిక్ హెడ్ నర్సు వస్తుంది. డాక్టర్ల కోట్లు కుట్టే చోటు కళ్ళారా చూశాకే పనిస్తానంది. ఏం చూపించమంటారు? తెల్లకోటు మీద నూనె చిటపటలు చూపించనా?”

“హాల్లో కుట్టుకో.”

“మిషను చప్పుడుకి పేపర్లో అక్షరాలు కదులుతున్నాయని గోల పెట్టిందెవరు?”

“కదిలాయి. అబద్ధమా?”

“మేస్త్రీని రమ్మన్నాను. ఇవాళే వస్తాడు. ఆ గది బాగుచేసి తీరతాడు.”

“చేస్తాడు, సరే. అందులో ఉన్నవన్నీ ఎక్కడికి పోవాలి? అది చెప్పు. నీ నెత్తి మీదికా, నా నెత్తి మీదికా?”

లోపల మాటలు ఆగాయి. మేస్త్రీ బెల్లు నొక్కాడు.

సందు మొదట్లో టీ కొట్టువాడు అతన్ని ముందే హెచ్చరించాడు. “బదిలీ బాబాయి ఇంటికా? వెళ్ళు వెళ్ళు. నీకన్నా ముందు ఇద్దరు వెళ్ళారు. ఒకడు ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. రెండోవాడు పని మానేసి పళ్ళమ్ముకుంటున్నాడు.” పళ్ళమ్మేవాడికి పని రాదు, నాకు వచ్చు అనుకున్నాడు మేస్త్రీ. తొందరపడ్డాడు.

తలుపు తీసింది పిన్ని. వీధి మొత్తానికి ఆవిడ పిన్ని, ఆయన బాబాయి. పిన్ని అరవై దాటిన మనిషి, మెడలో కొలత టేపు, మణికట్టుకు గుండుసూదుల దిండు. లోపలికి వెళ్ళిన మేస్త్రీకి ఇల్లు చూసి ముచ్చటేసింది. తలుపులు చప్పుడు లేకుండా మూసుకుంటున్నాయి. హాల్లో ఫ్యాను తిరుగుతోందని గాలి తగిలితే తప్ప తెలియడం లేదు. కొళాయిలు రెండు వేళ్ళతో కట్టేయొచ్చు. గోడల మీద చెమ్మ మచ్చంటూ లేదు. పాతికేళ్ళు దాటిన ఇల్లంటే ఎవరూ నమ్మరు. ఈ ఇంట్లో నాకు పనేముంది అనుకున్నాడు.

“ఇటు రా బాబూ,” అంది పిన్ని.

వంటింట్లో పొయ్యికీ ఫ్రిజ్‌కీ మధ్య కుట్టుమిషను ఇరుక్కుని ఉంది. ఫ్రిజ్ తెరవాలంటే పిన్ని లేచి నిలబడాలి. పొయ్యి వెలిగిస్తే గుడ్డ మడిచి నెత్తిన పెట్టుకోవాలి. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఇలాగే కుడుతోంది. ఇంట్లో వెలుతురు ధారాళంగా వచ్చే కిటికీ ఒకే ఒక్క గదిలో ఉంది. ఆ గది తలుపుకి అడ్డంగా, రెండు చేతులూ బారజాపి, సన్నగా పొడుగ్గా ఒకాయన నిలబడి ఉన్నాడు.

“సంచి బయట పెట్టు,” అన్నాడు బాబాయి. “పనిముట్లు చూస్తే బెదిరిపోతాయి.”

మేస్త్రీ పిన్ని వంక చూశాడు. పెట్టెయ్యమన్నట్టు ఆవిడ కళ్ళు మూసి తెరిచింది. బాబాయి భుజంతో మూడుసార్లు గుద్దితే తలుపు తెరుచుకుంది. ఆయన ముందు తల లోపలికి పెట్టి, “ఎవరో వచ్చాడు. కంగారుపడకండి. చూసి పోతాడు,” అని లోపలికి చెప్పాడు.

గదిలో మనుషులెవరూ లేరు. ఫ్యాను ముసలి బండిలా కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది. ట్యూబ్‌లైటు పట్టపగలు కన్నుగీటుతోంది. మూల సింకులో కొళాయి చుక్కచుక్కగా కారుతోంది. మేస్త్రీ అడుగు వేస్తే కాలికింద టైలు ఉయ్యాల ఊగింది. గడియ పడని కిటికీ రెక్కను పురికొసతో కట్టారు. కప్పు మీద చెమ్మ మరక మంచమంత ఉంది. మూడున్నర కాళ్ళ కుర్చీ ఒకటి గోడకి జారబడి ఉంది. గడియారం నలభై నిమిషాలు వెనక నడుస్తోంది. ఒక్క ఇంటి రోగాలన్నీ ఒకే వార్డులో పడుకోబెట్టినట్టుంది గది.

“ఇవన్నీ ఇక్కడ పుట్టినవి కావు,” అన్నాడు బాబాయి, బంధువులను పరిచయం చేస్తున్నట్టు. “ఈ చుక్క వంటింటిది. కిర్రు హాలుది. ఆ కిటికీ గడియ మా పడగ్గదిది.”

ఇక్కడ ఆయన కథ కొంచెం చెప్పాలి. చెప్పకపోతే పిచ్చివాడనుకుంటారు. చెప్పాక కూడా అనుకోవచ్చు, అది మీ ఇష్టం.

బాబాయి ముప్పై ఒక్క ఏళ్ళు నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల గుమాస్తా. పొద్దున పదింటికి కిటికీ తెరిస్తే జనం. ఒకాయనకి నీళ్ళు రావు, ఒకావిడకి పచ్చగా వస్తాయి, ఇంకొకాయనకి పక్కింటివాళ్ళకి వస్తున్నాయన్నదే ఫిర్యాదు. బాబాయి కాగితం తీసుకుని, నంబరు వేసి, పక్క టేబుల్‌కి పంపేవాడు. అక్కణ్ణుంచి అది ఇంకో టేబుల్‌కి వెళ్ళేది. అలా తొమ్మిది టేబుళ్ళు తిరిగి వరండా చివరి గదికి చేరేది. ఆ గదికి వెళ్ళిన కాగితం తిరిగి వచ్చినట్టు చరిత్రలో లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే బాబాయికి ఒక సత్యం బోధపడింది: ఏ లోపమూ చావదు, చోటు మారుతుంది. మన చేతిలో ఉన్నదల్లా దాన్ని ఎవరికీ తగలని చోటికి నడిపించడమే.

ఇల్లు కట్టిన మూడో ఏడు వంటింటి కొళాయి కారడం మొదలుపెట్టింది. అంగట్లో వాషర్ కొనొచ్చు. వెనక గదిలో కొత్త కొళాయి వాడకుండా పడి ఉంది కదా అని బాబాయి దాని వాషర్ ఊడదీసి వంటింట్లో వేశాడు, వంటింటిది తెచ్చి దీనికి వేశాడు. వంటింట్లో చుక్క ఆగింది. వెనక గదిలో మొదలైంది. బాబాయి ఆ రాత్రంతా పెద్ద శాస్త్రం కనిపెట్టిన ఆనందంతో కప్పు చూస్తూ పడుకున్నాడు. ఆ తర్వాత ఇక ఆగలేదు. ఫ్యానుకి ఫ్యాను, మడతబందుకి మడతబందు, పగిలిన టైలుకి పగలని టైలు. ఆఖరికి హాలు కప్పు కారితే డాబా మీద సిమెంటు కట్ట పోసి, నీళ్ళు జారే వాటం మార్చి, వాననీళ్ళన్నీ వెనక గది నెత్తిమీదికి మళ్ళించాడు. అన్నిటికీ ఒక పుస్తకం పెట్టాడు. ‘వంటింటి చుక్క: వెనక గదికి బదిలీ. కారణం: పరిపాలనా సౌలభ్యం.’ ‘హాలు ఫ్యాను కిర్రు: సొంత కోరికపై.’ ‘పడగ్గది గడియ: క్రమశిక్షణ చర్యగా.’

రోజూ సాయంత్రం అరగంట ఆయన ఆ గదిలో కూర్చుంటాడు.

“ఎందుకండీ?” అని అడిగాడు మేస్త్రీ.

“వినడానికి. వినకపోతే పై అధికారి దగ్గరికి వెళ్తాయి.”

“పై అధికారి ఎవరు?”

“మీ పిన్ని.”

మేస్త్రీ తల గోక్కున్నాడు. మూడు రోజుల పని, శుక్రవారానికి అవుతుంది అని లెక్కవేశాడు. బాబాయి ఒక్క షరతు పెట్టాడు. ఏది బాగుచేసినా అది ఇక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తోందో ముందు చెప్పాలి. మేస్త్రీ ఒప్పుకున్నాడు. పెద్దవాళ్ళ మాటకి ఊఁ కొడితే పోయేదేముందనుకున్నాడు.

మొదట కొళాయి. మేస్త్రీకి పని చేస్తూ పైకి చెప్పుకునే అలవాటుంది, పాఠం చెబుతున్నట్టు. “ముందు మెయిన్ వాల్వ్ కట్టాలి. తర్వాత అన్నిటికన్నా కింద ఉన్న కొళాయి విప్పి గొట్టంలో మిగిలిన నీళ్ళు వదిలెయ్యాలి. లేకపోతే విప్పేవాడికి స్నానమే. పానా వేసేముందు కొళాయికి గుడ్డ చుడితే గీతలు పడవు. వాషర్ కొత్తది వేసినా కింద అది కూర్చునే అంచు వేలితో తడిమి చూడాలి. అక్కడ గరుకుంటే వారంలో మళ్ళీ మొదలు.”

కొత్త వాషర్ వేసి వాల్వ్ మెల్లగా తిప్పాడు. చుక్క ఆగింది. బాబాయి కొళాయి మూతికి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

“ఎక్కడికి వెళ్ళింది?”

“ఎక్కడికీ వెళ్ళలేదు బాబాయిగారూ. ఇదిగో, ఇదీ రోగం.” మేస్త్రీ అరిగిపోయిన పాత వాషర్ అరచేతిలో పెట్టి చూపించాడు.

“ఇది వాషర్. నేను చుక్కనడుగుతున్నా.”

మేస్త్రీ వాషర్ జేబులో వేసుకుంటూ ఉండగా వంటింట్లోంచి వినిపించింది. టప్. కాసేపాగి ఇంకొకటి. టప్.

“మేస్త్రీ!” అంది పిన్ని.

బాబాయి మొహం వెలిగిపోయింది. “దారి మర్చిపోలేదు చూశావా? ఇరవై రెండేళ్ళయినా పుట్టిల్లు గుర్తుంది.”

మేస్త్రీ వంటింటి కొళాయి విప్పి, నువ్వుగింజంత తుప్పు పెచ్చు బయటికి తీశాడు. వాల్వ్ కట్టి తెరిచినప్పుడు పాత గొట్టంలో తుప్పు లేచి వాషర్ కింద చిక్కుకుంటుందనీ, అందుకే పని అయ్యాక అన్ని కొళాయిల మూతి జల్లెడలూ విప్పి రెండు నిమిషాలు నీళ్ళు వదలాలనీ, ఆ మాట తనే మర్చిపోయాననీ వివరించాడు. బాబాయి పెచ్చును అటూ ఇటూ తిప్పి చూశాడు. “పాపం, ఇంత చిన్నదై వెళ్ళింది,” అన్నాడు.

ట్యూబ్‌లైటుకి స్టార్టర్ మార్చడానికి మెయిన్ స్విచ్ ఆపి వేశాడో లేదో, హాల్లో ఫ్యాను తిరగనని మొరాయించింది. పాత రెగ్యులేటర్లు ఆపి వేస్తే ఒక్కోసారి లేవవని మేస్త్రీ చెప్పాడు. అప్పుడు అతని గొంతులో మొదటి ధీమా లేదు. సాయంత్రానికి పక్కింటి టీచరమ్మ గోడ మీంచి తల పెట్టింది.

“బాబాయిగారూ, మధ్యాహ్నం నుంచి మా బాత్రూం గడియ పడటం లేదు. మీ ఇంట్లో పని జరుగుతోందట. మావైపు ఏమైనా పంపించారా?”

“నేను పంపలేదమ్మా. మేస్త్రీ పంపాడేమో అడుగు.”

“ఏమయ్యా, చదువుకున్నవాళ్ళ ఇంటికేనా పంపించేది? ఎదురింటివాళ్ళు లేరా?”

“నేనెవరికీ ఏమీ పంపలేదండీ!” అన్నాడు మేస్త్రీ. ఇరవై ఆరేళ్ళలో ఇలాంటి సంజాయిషీ ఇచ్చుకోవడం ఇదే మొదలు. పోయి ఆవిడ గడియ స్క్రూ కూడా బిగించి వచ్చాడు. రంధ్రం వదులైతే అందులో రెండు అగ్గిపుల్లలు జిగురు రాసి దోపి, ఆరాక స్క్రూ బిగిస్తే పట్టుకుంటుందని ఆవిడకి నేర్పాడు. ఆవిడ విన్నది గానీ నమ్మలేదు.

ఆ సాయంత్రం సొంత ఇంట్లో కాళ్ళు కడుక్కుంటూ మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. కొళాయి కారుతోంది. టప్. టప్.

“ఏమే! ఇది ఎప్పుడొచ్చింది?”

“ఏది?” అంది అతని భార్య.

“ఈ చుక్క! ఇవాళే వచ్చిందా?”

“మూడేళ్ళనుంచి కారుతోంది. నీకివాళ వినిపించింది.”

మర్నాడు పొద్దున మేస్త్రీ వెళ్ళేసరికి బాబాయి వెనక గది లోపల ఉన్నాడు. తలుపుకి అడ్డంగా మూడున్నర కాళ్ళ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నిన్న రెండు పోయాయి, మూడు చోట్ల లేచాయి, ఈ లెక్కన శుక్రవారానికి ఇల్లు నేలమట్టం, వీధి సగం, అని ఆయన వాదన. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, కుర్చీకి మాత్రం మూడున్నర. మేస్త్రీ తలుపు సందులోంచి నచ్చజెప్పాడు. బాబాయి తలుపు సందులోంచే తిరస్కరించాడు. మేస్త్రీ సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు. పళ్ళ వ్యాపారం మరీ అంత చెడ్డదేం కాదని అతనికి ఆ నిమిషంలో అనిపించింది.

అప్పుడు వంటింట్లోంచి ఇనుము నేలమీద ఈడ్చిన చప్పుడు వచ్చింది. పిన్ని కుట్టుమిషను లాక్కొస్తోంది. మేస్త్రీ పట్టబోతే వద్దంది. తలుపు ముందు మిషను ఆపి, నడుం మీద చెయ్యి వేసుకుని పిలిచింది.

“ఏవండీ. పుస్తకం తియ్యండి.”

“ఎందుకు?”

“నన్ను బదిలీ చెయ్యండి.”

లోపల కుర్చీ కదిలింది.

“ఎడమ మోకాలు కిర్రుమంటోంది. రాసుకున్నారా? కుడి కన్ను పొద్దస్తమానం కారుతోంది. వానాకాలం వస్తే నడుం తలుపులా బిగుసుకుపోతోంది, భుజంతో మూడు గుద్దులు గుద్దితే గాని లేవను. గడియారమంటారా, నా పని ఇరవై రెండేళ్ళు వెనక నడుస్తోంది. మీ గదిలో చోటు దొరకాలంటే ఇంతకన్నా ఏం అర్హత కావాలి? కారణం మీరే పెట్టుకోండి. పరిపాలనా సౌలభ్యమే పెట్టుకోండి.”

“నువ్వు లోపమేంటే? నీకేం రోగం?”

“చెప్పాను కదా. మీకు చుక్క చప్పుడు గోడ అవతలనుంచి వినిపిస్తుంది. ఈ మోకాలు పక్క మంచంలోంచి వినిపించలేదు.”

లోపల పుస్తకం పేజీలు తిరిగాయి. తర్వాత కుర్చీ పక్కకి జరిగింది. తలుపు లోపలినుంచి మూడు గుద్దులు పడి తెరుచుకుంది. బాబాయి చేతిలో పుస్తకం ఉంది, కలం మూత తీసి ఉంది, కాగితం మీద మాత్రం గీత పడలేదు.

“నిబంధన ఒకటుంది,” అన్నాడు నీరసంగా. “ఒకటి లోపలికి వస్తే ఇందులోంచి బాగున్నది ఒకటి బయటికి పోవాలి. ఫ్యానుకి ఫ్యాను. వాషర్‌కి వాషర్. నీ బదులు వంటింట్లోకి పంపడానికి ఈ గదిలో బాగున్నదేముంది? నువ్వే చెప్పు మేస్త్రీ.”

మేస్త్రీ గదంతా కలియజూశాడు. ఫ్యాను, లైటు, టైలు, గడియారం, కుర్చీ. కుర్చీ పక్కన నిలబడ్డ మనిషి.

“మీరే ఉన్నారు బాబాయిగారూ,” అన్నాడు. “ఇంత గదిలో లోపం లేనిది మీరొక్కరే.”

పొగిడాడో, ఇరికించాడో తేల్చుకోవడానికి బాబాయికి కొంత సమయం పట్టింది. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. లోపముందని ఒప్పుకుంటే సొంత మర్యాద పోతుంది, లేదంటే గది పోతుంది. ఆఖరికి కలం కదిలింది. ‘గృహిణి: వెనక గదికి. గుమాస్తా (విశ్రాంత): వంటింటికి. తక్షణం అమలు.’ సంతకం పెట్టి, తల వంచుకుని, వంటింట్లోకి నడిచాడు.

పిన్ని మిషను కిటికీ కింద పెట్టుకుని కూర్చుంది. వెలుతురు నేరుగా సూది మీద పడింది. సూదిలో దారం మొదటిసారే ఎక్కింది. ఆవిడ ఎక్కిన దారం ఊడదీసి, మళ్ళీ ఎక్కించి చూసుకుంది.

వంటింట్లో మాత్రం ఘోరం. బాబాయికి చక్కెర ఎక్కడుందో తెలియదు. పొయ్యి ఏ బొత్తానికి ఏ మంట వెలుగుతుందో తెలియదు. ఇరవై అయిదేళ్ళు ఆ ఇంట్లో ఉన్న మనిషి, పరాయి ఊరి రైల్వే స్టేషన్‌లో దిగినవాడిలా డబ్బా డబ్బా తెరిచి వాసన చూస్తున్నాడు. గంటన్నర తర్వాత మేస్త్రీకి ఒక గ్లాసు టీ వచ్చింది. అందులో ఉప్పు ఉంది. మేస్త్రీ కళ్ళు మూసుకుని తాగాడు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవకూడదు.

ఆ రోజు పనులు చకచకా సాగాయి. తలుపు అంచంతా సుద్దముక్క రాసి ఒక్కసారి మూసి తెరిస్తే, సుద్ద చెరిగిన చోటే ఒరుసుకుంటోందని తెలుస్తుంది. అక్కడే చిత్రిక పడితే చాలు, తలుపంతా చెక్కనక్కర్లేదు. ఊగే టైలుని నాణెంతో తట్టి గుల్ల చప్పుడు ఎంతమేరకుందో చూసి, అంతవరకే లేపి కింద ఇసుక దులిపి కొత్తగా పరిచాడు. ఫ్యానుకి బేరింగు, కిటికీకి గడియ మార్చాడు, కుర్చీకి అరకాలు అతికించాడు, గడియారం సరిచేశాడు. పిన్నికి అప్పుడప్పుడూ అడ్డం వస్తే మిషనుతో సహా పక్కకి జరిపి మళ్ళీ చోట్లో పెట్టాడు. ఆవిడ కుట్టడం ఆపలేదు.

మిగిలింది కప్పు. మధ్యాహ్నం డాబా ఎక్కాడు. వెనకాలే బాబాయి కూడా ఎక్కాడు. చేతిలో ఉప్పు లేని టీ ఉంది. చక్కెర కూడా లేదు.

మేస్త్రీ ఉలీ సుత్తీ తీసుకుని బాబాయి పోసిన సిమెంటు కట్టను పగలగొట్టడం మొదలుపెట్టాడు. పగుళ్ళు తెరిచి శుభ్రం చేసి నింపాలి. తర్వాత వాటం పిట్టగోడ మూలకి తిప్పి, అక్కడ తూము పెట్టి గొట్టం దింపాలి.

“నీళ్ళెక్కడికి పోతాయి?” అన్నాడు బాబాయి.

“గొట్టంలోకి.”

“తర్వాత?”

“కాలవలోకి.”

“కాలవ తర్వాత?”

“అది నాకూ తెలియదు బాబాయిగారూ.”

“చూశావా. ఎవరికీ తెలియదు.” బాబాయి పిట్టగోడ మీద కూర్చున్నాడు. “ఒక ముసలావిడ ఉండేది. కొళాయిలో నీళ్ళు రావట్లేదని పదహారు ఉత్తరాలు రాసింది. చేతిరాత ముత్యాల్లా ఉండేది. పదహారూ నేనే తీసుకున్నాను. పదహారూ నేనే మోసుకెళ్ళి ఆ చివరి గదిలో పెట్టాను.”

“తర్వాత?”

“తర్వాత రాయలేదు.”

మేస్త్రీ సుత్తి ఆపాడు. “నీళ్ళొచ్చాయేమో.”

“అలాగే అనుకుందాం.”

కింద మిషను గడగడమంటోంది. బాబాయి టీ తాగబోయి, రుచి గుర్తొచ్చి, గ్లాసు పక్కన పెట్టాడు.

“నేను ఉద్యోగంలోంచి దిగిపోయే రోజు చార్జి తీసుకోవడానికి ఎవరూ రాలేదు మేస్త్రీ. నిబంధన ప్రకారం ఒకడు రావాలి. పెండింగు కాగితాలన్నీ ఒక్కొక్కటీ చూసుకుని సంతకం పెట్టాలి. సాయంత్రం ఆరుదాకా కూర్చున్నాను. వాచ్‌మన్ వచ్చి లైట్లార్పాడు. రెండు నెలల తర్వాత అటు వెళ్ళి చూస్తే ఆ గదికి సున్నం వేసి సైకిళ్ళు పెడుతున్నారు. కాగితాలేవయ్యా అంటే, ఏ కాగితాలు అన్నారు. అవి ఎక్కడో ఉంటాయి కదా? ముప్పై ఒక్క ఏళ్ళ ఫిర్యాదులు గాల్లో కలవవు కదా? మా వెనక గదిలో ఉన్నవాటికైనా ఒక మనిషున్నాడు. రోజూ వెళ్ళి కూర్చునే మనిషి.”

మేస్త్రీకి గోడల గురించి తెలుసు, గొట్టాల గురించి తెలుసు. దీనికి ఏ పానా పడుతుందో తెలియలేదు. అందుకని సుత్తి తీసుకుని పగుళ్ళ పని చేశాడు. కాసేపటికి బాబాయి లేచి ఇసుక తట్ట అందించడం మొదలుపెట్టాడు.

గురువారం పొద్దున తూముకి గుడ్డ కుక్కి, డాబా మీద చీలమండ మునిగేలా నీళ్ళు నింపారు. ఒక రోజంతా నిలబెట్టి కింద కప్పు చూడాలి. చెమ్మ కనబడకపోతే పని గట్టిది. ఈ పరీక్ష చేయకుండా కూలి తీసుకుని వెళ్ళిపోయే మేస్త్రీని నమ్మొద్దని మేస్త్రీయే చెప్పాడు. బాబాయి ఆ రోజు వంటింట్లోంచి ఇరవైసార్లు వచ్చి తలెత్తి కప్పు చూశాడు. ఇరవైసార్లూ పిన్ని, “కింద చూసి నడవండి, గుడ్డ తొక్కుతారు,” అంది.

శుక్రవారం తొమ్మిదింటికి హెడ్ నర్సు వచ్చింది. పొట్టిగా, చురుగ్గా, ఎవరింటికి వెళ్ళినా ముందు కిటికీ అంచు మీద వేలితో రాసి దుమ్ము చూసే మనిషి. రాసింది. వేలు చూసుకుంది. తలెత్తి కప్పు చూసింది. బాబాయి, మేస్త్రీ, పిన్ని ముగ్గురూ ఆవిడతోపాటు తలెత్తారు. కప్పు పొడిగా ఉంది.

“అందరూ పైకెందుకు చూస్తున్నారు?” అంది ఆవిడ.

“ఊరికే,” అన్నారు ముగ్గురూ.

నర్సు ఒక కోటు తీసుకుని కుట్టు వెంట గోరు లాగి చూసింది. వెలుతురుకి ఎత్తి పట్టింది. ఫ్యాను కింద నిలబడింది. “ఇంత నిశ్శబ్దంగా ఉందేంటి మీ గది?” అంది. బాబాయి గుమ్మం దగ్గర నిట్టూర్చాడు. సోమవారం గుడ్డ పంపిస్తాననీ, మొదట ఇరవై కోట్లు కావాలనీ చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

పిన్ని గుమ్మందాకా వెళ్ళి సాగనంపి వచ్చి, మిషను ముందు కూర్చుని, కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత, “ఏవండీ, టీ,” అని కేకేసింది. “చక్కెర రెండో అరలో, నీలం మూత డబ్బా!”

మేస్త్రీ డాబా ఎక్కి తూములో గుడ్డ లాగేశాడు. నీళ్ళు గొట్టంలో గుడగుడమని దిగిపోయాయి. దిగి వచ్చి పనిముట్లు తుడిచి సంచిలో సర్దుకున్నాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి బాబాయి అక్కడ నిలబడి ఉన్నాడు. చేతిలో పొడుగాటి తెల్ల కాగితం. రాత్రి కూర్చుని రాసినట్టుంది, అక్షరాలు ఆఫీసు అక్షరాలు.

“ఏంటి బాబాయిగారూ?”

“చార్జి కాగితం. గదిలోవన్నీ వరసగా రాశాను, మొత్తం పదకొండు.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “బాగుచేశావు, కాదనను. అవి లేవని మాత్రం నాతో అనకు, అలా చాలామంది అన్నారు. నేనొక్కొక్కటీ చదువుతాను. నువ్వు ఇక్కడే నిలబడి ఒక్కోదానికీ ‘తీసుకున్నాను’ అని చెప్పు మేస్త్రీ. గట్టిగా చెప్పు, నాకు వినబడాలి. అన్నీ అయ్యాక కింద సంతకం పెట్టి, ఆ తర్వాత వెళ్ళు.”